తెలిపారా వెదురు, తెల్లకాగితపు నక్షత్రం

పార్లమెంటు శీతకాల సమావేశాలు 2025 డిసెంబరు 19న నిరవధికంగా వాయిదా పడ్డాయి. గ్రామీణ ఉపాధి హామీ చట్టం స్థానే మరొక చట్టాన్ని తెచ్చే బిల్లు కోసం రాజ్యసభ అంతకుముందు రాత్రి అర్ధరాత్రి దాటేవరకు కూర్చున్నది. ఆ అలసట తీరకముందే సభ్యులు తమ తమ నియోజకవర్గాలకు తరలిపోయారు. డిసెంబరు ఆఖరు వారంలో రాజధాని మంత్రులకూ, విలేఖరులకూ సమానంగానే ఖాళీ. 25వ తేదీ వాజపేయి జయంతి. 2014 నుంచి ప్రభుత్వం ఆ రోజును సుపరిపాలన దినంగా పాటిస్తున్నది. అదే రోజు క్రిస్మస్ కావడం వల్ల, నాయకులు ఉదయం ఒక సభలో పూలు చల్లి, మరొక చోట కేకు కోసి, రెండు పుణ్యాలూ ఒక్క పూటలో గడించగలుగుతున్నారు. మన రాష్ట్రాలలోనూ ఈ పండుగకు రాజపోషణ తక్కువేమీ కాదు. చంద్రబాబు ప్రభుత్వం చంద్రన్న క్రిస్మస్ కానుక పేరిట సరుకుల సంచులు పంచితే, తెలంగాణ ప్రభుత్వం బట్టలు పంచి, హైదరాబాదులో విందు చేసింది.

ఢిల్లీలో సభలు లేని ఆ వారంలో నేను బిలాస్‌పూర్ వెళ్ళాను. ప్రయాణికుల రైళ్ళను ఆపి బొగ్గు బండ్లను నడుపుతున్నారన్న ఫిర్యాదు సభలో చాలాకాలంగా వినవస్తున్నది. ఆ సంగతి అక్కడి వారి నోట వినాలన్నది ఉద్దేశం. ఆ విషయం మరొక లేఖలో వ్రాస్తాను. ఈ వారం వ్రాయదలచినది వెదురు బద్దల గురించి, పాత కాగితాల గురించి, మైదా జిగురు గురించి. ఇదేమి రాజకీయమని పాఠకులు అడగవచ్చు. కొంత ఓపిక పట్టవలసిందిగా మనవి.

బిలాస్‌పూర్‌లో తెలుగువారు ఎందుకున్నారో నేటి తరానికి చెప్పవలసి ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి తూర్పునకు పట్టాలు వేసుకుంటూ పోయి బిలాస్‌పూర్‌ను ఒక పెద్ద కూడలిగా చేసింది. కటకం నుంచి దక్షిణాన వాల్తేరు వరకు ఉన్న మార్గం కూడా 20వ శతాబ్దపు ఆరంభంలో ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. దానితో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఛత్తీస్‌గఢ్ మైదానానికి తిన్నని దారి ఏర్పడింది. గ్యాంగు మనుషులుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా వేలాది మంది ఆ దారిన వెళ్ళారు. ఖరగ్‌పూర్‌లో ఆ కంపెనీ కార్మికులు 1920లలో చేసిన సమ్మెలకు నాయకత్వం వహించిన వారిలో వి.వి. గిరి ఒకరు. 1974 మే నెలలో దేశమంతటా రైళ్ళు ఆగిపోయిన నాటికి ఆయనే రాష్ట్రపతి భవన్‌లో ఉండడం చరిత్ర చేసిన చమత్కారం. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యకేంద్రం.

ఈ వలసవచ్చిన కుటుంబాలలో కొన్ని క్రైస్తవ కుటుంబాలు. 1870ల నుంచి కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన ప్రాంతాల నుంచి వచ్చినవి. రైలుతో పాటు వచ్చిన క్రిస్మస్ మరొకటి ఉండేది. అది ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లది, గార్డులది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నాట్యాలు, పిల్లలకు చెట్టు కింద బహుమతులు, కాగితపు టోపీలు. లోక్‌సభలో ఆ సమాజానికి నామినేషన్ ద్వారా ఉండిన రెండు స్థానాలు 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో రద్దయ్యాయి. క్వార్టర్ల నుంచి ఆ సమాజం అంతకు చాలాముందే ఆస్ట్రేలియాకూ, ఇంగ్లండుకూ వెళ్ళిపోయింది. మిగిలింది తెలుగువారి పండుగ. దాని ముఖ్య చిహ్నం చెట్టు కాదు, నక్షత్రం.

తెలిపారా రైల్వే కాలనీలో లేదు. అది ఊరి లోపలి బజారు. తేలీలు అంటే నూనె గానుగలవారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు తెలికలవారున్నారు కదా, ఆ మాటకు ఈ మాట చుట్టమే. కాలనీవారు రోజువారీ సరుకులకు బుధవారీ బజారుకు వెళతారు. పండుగ సరంజామాకు మాత్రం తెలిపారా, గోల్ బజారు తిరగవలసిందే. నేను వెళ్ళిన రోజున అక్కడ రెండు రకాల అంగళ్ళు కనిపించాయి. ఒక వరుసలో మెరుగు కాగితం నక్షత్రాలు, చిన్న చిన్న విద్యుద్దీపాల తోరణాలు, ప్లాస్టిక్ సూదులతో చేసిన చెట్లు. ఇవి ఢిల్లీ సదర్ బజారు మీదుగా వస్తాయి. వాటిలో చాలా భాగం పుట్టిల్లు చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో యీవూ నగరం. ప్రపంచపు క్రిస్మస్ అలంకరణలలో అత్యధిక భాగం ఆ ఒక్క చోటనే తయారవుతుంది. అక్కడి కార్మికులలో ఎందరు ఆ పండుగ చేసుకుంటారో అడగడం అనవసరం. రెండవ రకం అంగడి నేల మీద ఉన్నది. కండరా కులస్థుడొకడు, మన భాషలో మేదరి, తట్టలూ చేటలూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పక్కనే కట్టలు కట్టిన వెదురు బద్దలు. వాటికోసం బేరం చేస్తున్నది ఒక తెలుగు ముసలమ్మ.

ఆమె భర్త రైల్వేలో పనిచేసి రిటైరై గతించాడు. మామగారు పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి గ్యాంగు పనికి వచ్చాడు. నేను తెలుగులో పలకరించగానే, ఏ ఊరని ఆరా తీసింది. తరువాత నా జేబులో పుస్తకం చూసి, “ఏటి బాబూ, బద్దలు కొన్నా పేపర్లో రాసేస్తారేటి?” అన్నది. వ్రాస్తానని ఒప్పుకున్నాను. ఇంటికి రమ్మన్నది, వెళ్ళాను.

ఆ ఇంట చూసిన పనిని కొంత వివరంగానే చెబుతాను. ఎవరైనా చేసుకోదలిస్తే అక్కరకు వస్తుంది. ముప్పై అంగుళాల బద్దలు పది కావాలి. చిటికెన వేలిలో సగం మందం చాలు. పొడిగా ఉన్న వెదురు విరుగుతుంది గనుక ఒక రాత్రి నీళ్ళలో నానవేస్తారు. ప్రతి బద్ద మీద ఆ చివర నుంచి, ఈ చివర నుంచి పదకొండున్నర అంగుళాల దగ్గర బొగ్గుతో గీతలు పెట్టాలి. మధ్యలో ఏడు అంగుళాలు మిగులుతుంది. అయిదు బద్దలను ఒకదాని మీదుగా ఒకటి, కిందుగా ఒకటి అల్లి, గీత మీద గీత కలిసేటట్లు పురికొసతో కడితే అయిదు కొనల నక్షత్రం దానంతటదే ఏర్పడుతుంది. గీతలు సరిగా ఉంటే కొలబద్దతో పనిలేదు. ఇటువంటివి రెండు చేసి, కొనకు కొన కట్టాలి. తరువాత లోపలి అయిదు మూలల్లో ఆరేసి అంగుళాల పుల్లలు అడ్డంగా నిలిపితే రెండు చట్రాలూ ఎడమై, బల్లపరుపుగా ఉన్నది కాస్తా పొట్ట ఉబ్బి నిండుగా నిలుస్తుంది. ఇక కాగితం. ఒక్కొక్క కొనకు నాలుగు చొప్పున ఇరవై త్రికోణాలు, ముందొకటి వెనకొకటి పంచకోణాలు. అందులో వెనుకటి పంచకోణం అంటించకుండా వదలాలి, దీపం పెట్టడానికి. సంక్రాంతికి గాలిపటాలు చేసే పల్చని కాగితమే దీనికీ శ్రేష్ఠం. ఆ రెండు పండుగలకూ మూడు వారాల ఎడమే గనుక మిగిలినది వృథా పోదు.

జిగురుకు మైదా పిండి నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద ఉడికిస్తారు. బొద్దింకలు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయడం పాత పుస్తకాలు కుట్టేవారి నుంచి నేర్చిన పద్ధతి. అది విషం గనుక ఆ గిన్నె వంటింట పెట్టకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. లోపల ఒకప్పుడు కిరోసిన్ బుడ్డి, తరువాత నలభై కాండిల్ బల్బు ఉండేవి. కాగితం కమిలి నిప్పంటుకున్న కథలు ప్రతి వీధికీ ఒకటి ఉన్నాయి. ఎల్‌ఈడీ దీపం చల్లగా వెలుగుతుంది గనుక ఆ భయం తగ్గింది. కొత్తదంతా చెడ్డదని నేననను.

ఈ నక్షత్రానికి దేశాంతరాలలో సోదరులున్నారు. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘంవారి బడిలో 19వ శతాబ్దపు పూర్వార్ధంలో రేఖాగణితం పాఠం బోధించడానికి పిల్లల చేత కాగితపు నక్షత్రాలు చేయించారు. హెర్న్‌హుట్ నక్షత్రమని నేడు ప్రపంచమంతా అమ్ముడయ్యేది అదే. ఫిలిప్పీన్స్‌లో వెదురు, కాగితాలతో చేసే పరోల్ మన దానికి మరీ దగ్గర. ఏ చట్టానికీ, ఏ వ్యాపారానికీ సంబంధం లేకుండా వేరు వేరు చోట్ల చేతులు ఒకే ఉపాయానికి వచ్చాయి.

చట్టం ఊసు వచ్చింది గనుక మళ్ళీ పార్లమెంటుకు వెళదాం. వెదురు గడ్డి జాతి మొక్క అని వృక్షశాస్త్రం చెబుతుంటే, 1927 నాటి భారత అటవీ చట్టం దానిని చెట్ల జాబితాలో చేర్చింది. 90 సంవత్సరాల పాటు అది చెట్టుగానే ఉన్నది. 2017 నవంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో బిల్లు ద్వారా ఆ మాటను నిర్వచనం నుంచి తొలగించారు. అటవీ భూమికి వెలుపల పెంచిన వెదురును నరకడానికీ, తరలించడానికీ అనుమతుల బెడద అందుతో తగ్గింది. దీనివల్ల లాభపడేది గిరిజనులా, వ్యాపారులా అని ప్రతిపక్షం ప్రశ్నించింది. క్రిస్మస్ వారంలో మన ఉభయ సభలు నక్షత్రపు వెన్నెముక గురించి చర్చించాయని ఆనాడు నాకు తోచలేదు.

రెండవ చట్టం ప్లాస్టిక్‌ను గురించినది. 2021 ఆగస్టు 12న ప్రకటించిన నిబంధనల ప్రకారం, ఒకసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. ఆ జాబితాలో చెంచాలు, గొట్టాలు, బెలూన్ల పుల్లలతో పాటు అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా స్పష్టంగా ఉన్నది. ఈ దేశంలో పశువుల పాక బొమ్మకూ, వినాయకుని మంటపానికీ ఒకే విధంగా వర్తించే చట్టం అది. అయినా తెలిపారాలో థర్మోకోల్ బంతులు, మంచు బొమ్మలు బహిరంగంగానే అమ్ముతున్నారు. తనిఖీ అధికారులను నిందించడం తేలిక. కాని నిషేధించిన వస్తువు స్థానంలో మరేమి పెట్టుకోవాలో చెప్పేవారు లేనప్పుడు నిషేధం గెజెట్‌లోనే ఉండిపోతుంది. ఆ ముసలమ్మ ఇంట థర్మోకోల్ ముక్క ఒక్కటీ లేదు. ఆమె నిబంధనలు చదవలేదు. ఆమెకు దాని అవసరం ఎన్నడూ కలుగలేదు, అంతే.

ఆ ఇంటి సరంజామా చెబుతాను. గడపకు వరి కంకుల కుచ్చు వేలాడుతున్నది. కోతలయ్యాక ధాన్యపు కంకులను జడలా అల్లి వాకిట కట్టడం ఛత్తీస్‌గఢ్‌లో పల్లె పల్లెనా ఉన్న ఆచారం. మన కోస్తాలో పిచ్చుకల కోసం చూరుకు కట్టే కుచ్చులు అవే. నార్వే, స్వీడన్ దేశాల రైతులు క్రిస్మస్‌కు పక్షుల కోసం ధాన్యపు పన ఒకటి కర్రకు కట్టి నిలుపుతారు. మూడు చోట్లా తినేది పిచ్చుకే. పశువుల పాక ముందు పచ్చిక కోసం మూకుడులో మట్టి పోసి పది రోజుల ముందే గోధుమలు చల్లారు. మన పెళ్ళిళ్ళలో పాలికలు, ఛత్తీస్‌గఢ్ నవరాత్రులలో జవారా ఎలాగో ఇదీ అలాగే. గొర్రెల ఉన్ని ఇంజన్లు తుడిచి పారేసే నూలు పీచు. అది రైల్వే ఆస్తియా, వ్యర్థమా అన్న మీమాంసను నేను లేవనెత్తను. ఆడిట్‌వారు ఈ పుట చదవకపోవచ్చు. గొలుసులు పెళ్ళి శుభలేఖల అట్టతో, టీ పొట్లాల లోపలి వెండి రేకుతో చేసినవి. అన్నిటికన్న నన్ను ఆకర్షించింది ఒక పాత దండ. వెనుకటి కాలపు మందపాటి అట్ట టిక్కెట్లకు మధ్యలో రంధ్రం చేసి, దారంతో గుచ్చి, ఒకటి ఎరుపు ఒకటి ఆకుపచ్చ రంగు వేసింది. ఊళ్ళ పేర్లు రంగు కింద ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. కంప్యూటరు టిక్కెట్లు వచ్చాక అటువంటిది మళ్ళీ చేయడానికి వీలులేదు. ఎరుపు, ఆకుపచ్చ పాశ్చాత్యులకు క్రిస్మస్ రంగులు కావచ్చు. రైల్వే ఇంట వాటికి వేరే అర్థం ఉన్నది.

చెట్టు విషయంలో మాత్రం రాజీ పడ్డారు. పార్వతీపురం నుంచి సముద్రం వైపు వెళితే సరుగుడు కొమ్మ దొరుకుతుంది. బిలాస్‌పూర్‌లో అదేదీ లేదు గనుక జామకొమ్మ నిలిపి, దూది అంటించారు. డికెన్స్ కథలు చదువుకున్న రోజులలో క్రిస్మస్ అంటే మంచు అని మేమూ నమ్మాము. ఎండకాలంలో 45 డిగ్రీలు చూసే ఊళ్ళో జామ ఆకు మీద దూది చూసి ఒక క్షణం నవ్వు వచ్చినమాట నిజం.

పెద్ద నక్షత్రం మాత్రం తెల్లగా ఉన్నది. ఎరుపు, పసుపు కాగితాలు ఇంట ఉండగా, ఇరవై త్రికోణాలకూ తెల్లకాగితమే అంటించారు. కారణం అడిగాను. నవంబరు 4న బిలాస్‌పూర్ సమీపంలో లోకల్ రైలు, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పది మందికి పైగా చనిపోయారు, వారిలో ఆ రైలు డ్రైవరూ ఉన్నాడు. రైల్వే కాలనీలో మరణం ఒక ఇంటిది కాదు. “ఈ ఏడు రంగులొద్దనుకున్నాం బాబూ. మానెయ్యడానికి మనసొప్పలేదు, మెరిపించడానికీ ఒప్పలేదు” అన్నది ఆమె. బజారులో తెల్ల నక్షత్రం ఉన్నదా అని తిరుగు దారిలో తెలిపారా అంగళ్ళలో అడిగి చూశాను. మెరుగులూ, మినుకులూ లేనిది ఒక్కటీ లేదు. యీవూలో తయారు చేసేవారికి బిలాస్‌పూర్‌లో ఏమి జరిగిందో తెలిసే అవకాశం లేదు కదా.

నేను ఢిల్లీ చేరాక, 24వ తేదీన మరొక వార్త వచ్చింది. ఛత్తీస్‌గఢ్ బంద్ సందర్భంగా రాయ్‌పూర్‌లోని ఒక మాల్‌లోకి కర్రలతో ప్రవేశించిన గుంపు క్రిస్మస్ అలంకరణలను ధ్వంసం చేసింది. కాంకేర్ జిల్లాలో ఒక ఖననం విషయమై తలెత్తిన ఘర్షణ ఆ బంద్‌కు పూర్వరంగం. అంతకుముందు జూలైలో దుర్గ్ స్టేషనులో ఇద్దరు కేరళ సన్యాసినుల అరెస్టు పార్లమెంటును కుదిపింది. వారికి బెయిలు ఇచ్చినది బిలాస్‌పూర్‌లోని ఎన్‌ఐఎ న్యాయస్థానమే. మతమార్పిడుల వివాదంలో ఎవరి వాదం వారిది. దానిని శాసనసభలోనూ, కోర్టులోనూ తేల్చుకోవచ్చు. కాగితపు నక్షత్రాన్ని కర్రతో కొట్టడం ఏ వాదమూ కాదు. వార్త చూడగానే ఆ ఇంటికి ఫోను చేశాను. నక్షత్రం వాకిట్లోనే ఉన్నదా, లోపలికి తెచ్చారా అని అడిగాను. వాకిట్లోనే ఉన్నదనీ, పక్కింటి ఛత్తీస్‌గఢీ కుర్రవాడే నిచ్చెన ఎక్కి కట్టాడనీ, దించవలసి వస్తే వాడే ఎక్కి దించాలనీ సమాధానం వచ్చింది.

మరొక సంగతి చెప్పకపోతే ఈ లేఖ అసమగ్రం. ఆ ఇంట మనుమరాలు తొమ్మిదో తరగతి. బడిలో హిందీ, ఇంట బయట హిందీ. నేను తెలుగులో అడిగిన ప్రతి ప్రశ్నకూ హిందీలోనే బదులు చెప్పింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించాలని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. 1956లో ఏడవ సవరణతో చేర్చినది. అల్పసంఖ్యాక భాషల కమిషనరు నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి. వాటిపై సభ ఖాళీ కుర్చీలతో నిండి ఉంటుంది, చర్చంటూ జరిగితే. అయితే బద్దలు కట్టే సమయంలో ఆ పిల్ల నోట బద్ద, పురికొస, జిగురు, అటక, కుచ్చు, చూరు అన్న మాటలు తడబాటు లేకుండా వచ్చాయి. వాటికి హిందీ మాట ఏమిటని అడిగితే ఆలోచనలో పడింది. మామ్మ చెప్పిన పేర్లే తెలుసునట. ఒకప్పుడు నక్షత్రానికి లోపలి పొరగా తెలుగు పత్రిక అంటించేవారనీ, దీపం వెలిగిస్తే అక్షరాలు వెలుతురులో తిరగబడి కనిపించేవనీ, తాను తెలుగు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది ఆ అక్షరాల మీదనేననీ ఆ పిల్ల తండ్రి చెప్పాడు. ఇప్పుడు ఆ కాలనీలో తెలుగు పత్రిక తెప్పించేవారెవరైనా ఉన్నారా అని అడగడానికి నాకు కొంత వృత్తిపరమైన బిడియం కలిగింది.

జనవరి మొదటి వారంలో కాగితం చించివేస్తారు. బద్దల చట్రం అటక ఎక్కుతుంది. నాలుగైదేళ్ళు ఢోకా లేదు. సంక్రాంతికి ఆ కుటుంబం పార్వతీపురం వెళ్ళాలనుకుంటున్నది, కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో. నేను లేచి వస్తుంటే ముసలమ్మ గుమ్మం దాకా వచ్చి, “మీరు పార్లమెంటులో కూచుంటారంట గదా బాబూ, పండక్కి మా రైలు రద్దు చెయ్యొద్దని ఆళ్ళతో ఓ ముక్క చెప్పండి” అన్నది. పై గ్యాలరీలో కూర్చునేవారికి సభలో మాట్లాడే అధికారం లేదని ఆమెకు వివరించడానికి కొంత సేపు పట్టింది.